యాసిడ్‌లో కరెంటు పెట్టారా? ముందు ఆనోడ్‌ని చూడండి

బెజవాడలో ఏ స్కూల్లో సైన్స్ ఫెయిర్ పెట్టినా విద్యుద్విశ్లేషణ మోడల్, అంటే కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టేది, ఒకటి ఉండాల్సిందే. అది మొరాయిస్తే పిల్లలు ముందు బ్యాటరీని తిడతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఆనోడ్‌ని, అంటే ప్లస్ వైరు తగిలించిన కడ్డీని. సజల (నీళ్లు కలిపి పలచన చేసిన) సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కాథోడ్, అంటే మైనస్ కడ్డీ, దగ్గర హైడ్రోజన్ బుద్ధిగా వస్తుంది. పేచీ అంతా అవతలి వైపే.

సమస్య: బుడగలే రావట్లేదు
ఇదొక్కటీ ఆనోడ్ తప్పు కాదు. ఒక్క టార్చి సెల్లు ఇచ్చే 1.5 వోల్టులు చాలవు, నాలుగు వరుసగా కలపండి. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో కరెంటు దాదాపు పారదు, కాస్త యాసిడ్ పడాలి. ఆటోనగర్ బ్యాటరీ షాపుల్లో దొరికే యాసిడ్ చాలా ఘాటు. టీచర్ దగ్గరుండి, నీళ్లలోకే యాసిడ్‌ని కొద్దికొద్దిగా పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోస్తే మరిగి మొహం మీద చిందుతుంది.

సమస్య: ద్రావణం నీలంగా మారింది, ఆనోడ్ దగ్గర బుడగ లేదు
వైరు ఒలిచి రాగి తీగనే ముంచేశారన్నమాట. ఎలక్ట్రాన్లు వదలడం నీటికంటే రాగికి తేలిక. అందుకే ఆక్సిజన్ పుట్టదు, తీగే అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న రాగి కణాలుగా, కరుగుతుంది. ఆ నీలం దానిదే. అలాగే వదిలేస్తే కాథోడ్‌కి ఎర్రటి పూత పడుతుంది, ఆనోడ్ తీగ సన్నబడి తెగుతుంది. ఇనుప మేకైతే కరెంటు లేకుండానే యాసిడ్‌లో కరుగుతుంది. కార్బన్ కడ్డీలు వాడండి. కడ్డీకి వైరు చుట్టిన చోటు తడవకుండా ఎంసీల్ పెట్టండి. చాలామంది కడ్డీ మార్చి ఈ అతుకు సంగతి మర్చిపోతారు.

సమస్య: హైడ్రోజన్, ఆక్సిజన్ 2:1లో లేవు
ఆక్సిజన్‌కి రెట్టింపు హైడ్రోజన్ రావాలి. లెక్క తప్పితే ఆక్సిజనే తగ్గి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో ఆక్సిజన్ సుమారు 31 మిల్లీలీటర్లు కరిగితే, హైడ్రోజన్ 18 మాత్రమే. కరిగేదేదో ముందే కరిగిపోయేలా కాసేపు కరెంటు పారనిచ్చి, ఆ తర్వాతే గొట్టాల్లో పట్టండి. అడుగున నల్లటి పొడి కనిపిస్తే కార్బన్ కడ్డీ అరిగి కొంత కార్బన్ డయాక్సైడ్ అవుతోందని అర్థం. ప్లాటినం కొనలేం కాబట్టి ఈ కొరత భరించాల్సిందే. వచ్చింది ఆక్సిజనేనా అని అనుమానమైతే, మంట ఆర్పి నిప్పు మిగిల్చిన అగరుబత్తి లోపల పెట్టండి. భగ్గుమనాలి.

సమస్య: బ్లీచింగ్ పౌడర్ వాసన
అది క్లోరిన్. కరెంటు పారట్లేదని ఎవరో ఉప్పు వేసుంటారు, లేదా హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడుంటారు. ఆ ఆమ్లం బాగా పలచనైతే ఆనోడ్ దగ్గర ఎక్కువగా ఆక్సిజనే, చిక్కనయ్యేకొద్దీ క్లోరిన్. తడి నీలి లిట్మస్ ఎర్రబడి, ఆపైన తెల్లబోతే ఇక అనుమానం అక్కర్లేదు. వెంటనే స్విచ్ ఆపి కిటికీలు తెరవండి, సల్ఫ్యూరిక్ ఆమ్లానికి మారండి. బోరు నీళ్లలోనూ క్లోరైడ్లుంటాయి, డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కొనడమే మేలు.