మబ్బు వీడని చలికాలంలో ఉదయపు వెలుతురు

డిసెంబరులో పగలు ఎనిమిది గంటలకు మించని, ఆ కొద్దిసేపూ మబ్బు వీడని చోట ఉంటున్న నాకు ఏటా ఆ నెలల్లో ఎంత నిద్రపోయినా మగత వదిలేది కాదు, మనసు తీపి పదార్థాల మీదికే పోయేది. ఋతువును బట్టి వచ్చే ఈ కుంగుబాటును 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం వైద్యపరంగా వర్ణించింది.

గదిలో దీపాలన్నీ వేసినా వెలుతురు సాధారణంగా కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటదు. ఆకాశం మూసుకుపోయి ఉన్నా, ఆరుబయట మధ్యాహ్నం అది తరచుగా వేలల్లో ఉంటుంది. చూపు ఇట్టే సర్దుకుంటుంది కనుక ఈ తేడా మనకు తెలియదు గానీ, నిద్ర, మెలకువల వేళలను నడిపే మెదడులోని గడియారానికి తెలుస్తుంది. అందుకే చినుకులు పడుతున్నా సరే, భోజనవేళ బయట నడవడం మొదలుపెట్టాను.

తెల్లవారకముందే పని మొదలయ్యే రోజులకు 10,000 లక్స్ దీపం కొన్నాను. పెట్టె మీది ఆ అంకె ఎంత దూరానికి వర్తిస్తుందో తప్పక చూసుకోవాలి, ఎందుకంటే కాస్త వెనక్కి జరిగినా వెలుతురు బాగా తగ్గిపోతుంది. లేచిన వెంటనే దాన్ని మూరెడు దూరంలో, కొంచెం పక్కగా పెట్టుకుని అరగంటసేపు ఫలహారం చేస్తూ కూర్చుంటాను. దీపాన్నే తేరిపార చూడనవసరం లేదు, కళ్లు తెరిచి ఉంటే చాలు. సాయంత్రం వాడితే మాత్రం నిద్ర ఆలస్యమవుతుంది. ఇది అతినీలలోహిత కిరణాలను వడగట్టే దీపం కాబట్టి దీనివల్ల విటమిన్ డి రాదు. దానికి వైద్యుడి సలహాతో మాత్రలు వేసుకుంటున్నాను. రెటీనా (కంటి వెనుక పొర) జబ్బులు, బైపోలార్ సమస్య (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ దీపం జోలికి పోకూడదు.

బల్లను కిటికీ పక్కకు జరపడం కూడా కొంత మేలు చేసింది. గోడలకు తెల్లరంగు వేయించడం వల్ల మాత్రం గది అందం పెరిగిందే తప్ప నా మగతలో తేడా కనిపించలేదు.