మూతి నుంచి మందూ గుండూ కూరే తుపాకిని కడగడానికి విప్పుతున్నారా?

ఈ తుపాకి ఖాళీగా ఉందో లేదో పైకి చూసి చెప్పలేం. వెనక నుంచి తెరిచి చూసే వీలు పాత రకాల్లో ఉండదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 18వ శతాబ్దపు ఫిరంగి ఒకటుంది. 2013లో దాని తుప్పు వదిలిస్తుంటే లోపల మందూ గుండూ బయటపడ్డాయి. ఎన్నేళ్లుగా గోడకు వేలాడుతున్నా, ఇచ్చినవాళ్లు ఖాళీదేనని ఎంత గట్టిగా చెప్పినా, మీరే కొలిచి చూసుకోండి.

ముందు క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ) తీసేయండి. చెకుముకి రకమైతే రాయిని విప్పి పక్కన పెట్టండి. రాయి కింద మందు పోసే పళ్లెంలో మందు లేకపోయినా, రాయి రాల్చిన నిప్పురవ్వ గొట్టం పక్కనున్న చిన్న నిప్పు రంధ్రం గుండా లోపలికి పోగలదు. ఆ తర్వాత మందు కూరే కడ్డీని గొట్టంలోకి మెల్లగా జార్చి, అడుగు తగిలాక మూతి దగ్గర గీత పెట్టండి. ముఖం, అరచెయ్యి మూతికి ఎదురుగా ఉండకూడదు. కడ్డీని బయటికి తీసి, గీతను మూతికి సరిపెట్టి గొట్టం పక్కన ఆనించండి. దాని కొన నిప్పు రంధ్రం దాకా రావాలి. ముందే ఆగితే లోపల ఏదో ఉందనే లెక్క. ఎప్పటి మందో తెలియకపోతే ఇక చెయ్యి పెట్టకండి, తుపాకులు బాగుచేసే నిపుణుడికి అప్పగించండి. పేల్చి ఖాళీ చేద్దామనుకోవద్దు, వేడి చేయొద్దు. నీళ్లు పోశాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు, తడిసిన మందు ఆరాక మళ్లీ అంటుకోగలదు.

ఖాళీ అని తేలాక, నిప్పు పుట్టించే యంత్రభాగమైన లాక్‌తో మొదలుపెట్టండి. హ్యామర్‌ను (క్యాప్‌ను కొట్టే, లేదా రాయిని పట్టుకునే సుత్తిని) సగం ఎక్కించి, పక్క స్క్రూలను కొన్ని చుట్లు వదులు చేసి, వాటి తలల మీద మెత్తగా తట్టండి. లాక్ సమంగా బయటికి వస్తుంది. అంచు కింద ఏదైనా దూర్చి లేపితే చెక్క పెచ్చులూడుతుంది. గొట్టాన్ని పట్టి ఉంచే చీలలు ఏ వైపు నుంచి వచ్చాయో గుర్తుపెట్టుకుని, తిరిగి అటునుంచే దిగ్గొట్టండి. సన్నటి పిన్నులతో బిగించిన గొట్టాన్ని ప్రతిసారీ ఊడదీయకపోవడమే మేలని నా అభిప్రాయం. నిప్పు రంధ్రానికి పుల్ల బిగించి, చెక్కలో ఉండగానే కడగొచ్చు. పాత రకం గొట్టం వెనక బిరడా జోలికి అసలు పోకండి. లాక్ లోపలి మెయిన్ స్ప్రింగ్ తీయాలంటే దాని కోసం చేసిన బిగింపు పరికరం ఉండాలి. పట్టకారుతో లాగితే ఎగిరి కంటికి తగలొచ్చు.

కాలిన మందులో సగానికి పైగా బూడిదగా, లవణాలుగా మిగిలిపోతుంది. ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తింటాయి. నూనె వాటిని కరిగించలేదు, నీళ్లు కరిగిస్తాయి. అందుకే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో, గుడ్డముక్క తెల్లగా వచ్చేదాకా తుడవండి. దగ్గర్లో మందు డబ్బా, మంట ఉండకూడదు. తడి పూర్తిగా ఆరాకే పల్చగా నూనె రాయండి. నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న గొట్టం) మరలకు కాస్త గ్రీజు పెడితే వచ్చేసారి ఇరుక్కోదు.

మర్నాడు ఇంకో గుడ్డముక్క దింపి చూడండి. గోధుమరంగు అంటితే మళ్లీ కడగండి. తర్వాత మందు కూరే ముందు లోపలి నూనెనంతా తుడిచేయండి, నూనె తగిలిన మందు సరిగా అంటుకోదు.