వానలు మొదలవకముందే ఎలక్ట్రిక్ కారున్నవాళ్లు చూసుకోవాల్సినవి

వానాకాలం దగ్గరపడితే ఎలక్ట్రిక్ కారున్న ఇంట్లో మొదటి దిగులు బ్యాటరీలోకి నీళ్లు పోతాయేమోనని. ఆ ప్యాకు సీలు చేసి ఉంటుంది, మామూలు వానకు దానికేమీ కాదు. తంటా తెచ్చేవి పార్కింగ్ గోడకున్న సాకెట్, దాని వెనకాల వైరు, ఎర్తింగ్. నైరుతి రాకముందే, మే నెలాఖరులోగా ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి. బండి సర్వీసు ఆ తర్వాత చేయించినా ఫరవాలేదు.

కారు చార్జింగ్ పెట్టే సాకెట్ దగ్గర మల్టీమీటర్‌తో మూడు రీడింగులు తీయించాలి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 220 నుంచి 240 వోల్టులు, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 5 వోల్టుల లోపు రావాలి. ఇంట్లో ఏసీ, గీజరు నడుస్తుండగా చూడండి. లోడు లేనప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి. మూడో రీడింగు ఎక్కువుంటే చాలా చార్జర్లు ఎర్త్ ఫాల్ట్ చూపించి ఆగిపోతాయి.

కొందరు ఎలక్ట్రీషియన్లు ఇక్కడే ఓ పాడు చిట్కా వేస్తారు. సాకెట్ విప్పి, న్యూట్రల్ పిన్ను నుంచి ఎర్త్ పిన్నుకి బెత్తెడు వైరు ముక్క కలిపేస్తారు. చార్జర్ మీది ఎర్ర లైటు ఆరిపోతుంది, చార్జింగ్ మొదలవుతుంది, అందరికీ సంతోషం. ఆ లైనులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చు) ఉంటే ఊరికే ట్రిప్ అవుతోందని దాన్ని కూడా బైపాస్ చేసేస్తారు. ఓ రాత్రి గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందనుకోండి. ఇంట్లో నడుస్తున్న ఫ్యాను, ఫ్రిజ్ మీదుగా వచ్చిన కరెంటు ఆ ముక్క గుండా కారు బాడీకి ఎక్కుతుంది. తడి నేల మీద నిలబడి డోరు హ్యాండిల్ పట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు. సాకెట్ మూత మీ కళ్లముందే విప్పించి చూడండి. ముక్క కనిపిస్తే తీయించి, ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత (ఎర్త్ పిట్) సంగతి తేల్చుకోండి.

ఎండలకి ఎర్త్ గుంత ఎండిపోయి రెసిస్టెన్స్ పెరుగుతుంది. రెండు బకెట్ల నీళ్లు పోసి, కాసేపాగి ఆ మూడో రీడింగు మళ్లీ తీయండి. తగ్గిందంటే గుంత ఎండడమే కారణం, బొగ్గు, ఉప్పు మళ్లీ నింపిస్తే సరిపోవచ్చు. తగ్గలేదంటే పైపుకి వైరు బిగించిన బోల్టు తుప్పు పట్టిందేమో చూడాలి. పాత అపార్ట్‌మెంట్లలో బిల్డింగంతటికీ ఒకే గుంత ఉంటుంది, అక్కడ కారుకి విడిగా ఒకటి తవ్వించుకోవడం మేలు.

ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. అందుకని చార్జింగ్ లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ విడిగా ఉండాలి. టైప్ ఏ అడిగి కొనండి, చవకగా దొరికే ఏసీ టైపు కారు చార్జర్లకు చాలదు. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. 15 యాంపుల పోర్టబుల్ చార్జర్‌కి మీటరు నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు, 20 యాంపుల ఎంసీబీ పెట్టించండి. గోడకి బిగించే 7.2 కిలోవాట్ల చార్జర్‌కి (వాల్‌బాక్స్) 6 స్క్వేర్ వైరు, 40 యాంపుల ఎంసీబీ కావాలి. దూరం 25 మీటర్లు దాటితే వైరు 10 స్క్వేర్ వేయడం మంచిది. మీటరు మీద మంజూరైన లోడు కూడా పెంచుకోవాలి.

గీజరు పావుగంటలో ఆగిపోతుంది, కారు మాత్రం అలాంటి సాకెట్ నుంచే పది గంటలు లాగుతుంది. అరగంట చార్జింగ్ అయ్యాక ప్లగ్గుని తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ పసుపు తిరిగినా ఆ సాకెట్ మార్చేయాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలొద్దు.

వానలో చార్జింగ్ పెట్టడం తప్పేమీ కాదు. చార్జింగ్ గన్ను (కారుకి గుచ్చే కేబుల్ కొస) సరిగ్గా కూర్చుని, కారూ చార్జరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాకే కరెంటు వస్తుంది. గన్ను మూతి కిందకి ఉండేలా వేలాడదీయండి, కేబుల్ మధ్యలో ఉండే పెట్టెని నేల మీద వదిలేయకండి. ఉరుములు మొదలైతే మాత్రం ప్లగ్గు పీకేయాలి. మెయిన్ బోర్డులో టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని అడ్డుకునే పరికరం) ఉన్నా సరే.

ఇక రోడ్డు మీది నీళ్లు. బ్యాటరీకి చెప్పే ఐపీ67 రేటింగు అంటే మీటరు లోతు నిలకడ నీటిలో అరగంట తట్టుకోవడం, అంతే. అది వరదకి ఇచ్చిన గ్యారంటీ కాదు. ఈ బండికి గాలి పీల్చే ఇంజిన్ లేదు కాబట్టి నీళ్లలో ఆగదని కొందరికి ధీమా. ఆ ధీమా వద్దు, నీళ్లు సగం చక్రం దాటితే వెనక్కి తిప్పండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో నీళ్లు రోజుల తరబడి దిగలేదు. అంతసేపు మునిగిన కారుని స్టార్ట్ చేయకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, హై వోల్టేజీ కరెంటు పోయే నారింజ రంగు కేబుళ్ల జోలికి పోకూడదు. ఇంటికి, మిగతా బండ్లకి 15 మీటర్ల దూరంలో, ఆరుబయట ఉంచాలి. లిథియం బ్యాటరీ రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు, తుపానుకి ముంచుకొచ్చిన ఉప్పునీళ్లయితే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. తాడు కట్టి లాగించొద్దు, చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ బండే పిలవాలి.

డబ్బు విషయంలో జాగ్రత్త బీమా దగ్గరే. 2022 జూన్‌లో వచ్చిన థర్డ్ పార్టీ రేట్ల ప్రకారం మోటారు శక్తి 30 కిలోవాట్ల లోపున్న కార్లకి 1,780 రూపాయలు, 30 నుంచి 65 మధ్య 2,904, ఆపైన 6,712. పెట్రోలు బండ్లతో పోలిస్తే ఇది 15 శాతం తగ్గింపు. మిగిలిన ఆ కాస్తా బ్యాటరీ, మోటారు, చార్జర్ పేరు రాసి ఉన్న యాడ్-ఆన్ (పాలసీకి కలిపే అదనపు కవరు) మీద పెట్టండి. బండి ఖరీదులో పెద్ద భాగం బ్యాటరీదే. ‘ఇంజిన్ ప్రొటెక్ట్ ఉంది సార్’ అని ఏజెంటు అంటే ఊరుకోకండి, ఈ బండికి ఇంజినే లేదు. నీటి వల్ల బ్యాటరీ చెడితే ఇస్తారా అని కాగితం మీద చూపించమనండి. మామూలుగా ఇవి రెన్యువల్ అప్పుడే కలుపుతారు, అందుకే పాలసీ తేదీ ఎప్పుడుందో ఇప్పుడే చూసుకోండి.