హాంప్డెన్ రమ్ రుచి చూసే ముందు జాగ్రత్తలు

జమైకాలోని హాంప్డెన్ డిస్టిలరీలో తయారైన రమ్, అదీ నీళ్లు కలపకుండా పీపా బలంతోనే సీసాకెక్కినది చేతికొస్తే, మూత తీసేముందు ఇవి చూసుకోండి.

• లేబుల్‌పై ఆల్కహాల్ శాతం చదవండి. 60 దాటడం మామూలే. దగ్గర్లో మంట, సిగరెట్ ఉండకూడదు.

• మార్క్ చూడండి, అంటే రమ్‌లో ఎస్టర్లు (పండ్ల వాసన తెచ్చే రసాయనాలు) ఎంత ఉన్నాయో తెలిపే అక్షరాల గుర్తు. హెక్టోలీటరు (వంద లీటర్ల) శుద్ధ ఆల్కహాల్‌కు ఎల్‌ఆర్‌ఓకే అనే మార్క్‌లో 200–400 గ్రాముల ఎస్టర్లుంటాయి, డీఓకేలో 1500–1600. డీఓకేని ప్రధానంగా వేరే సరుకులో కొద్దిగా కలిపి వాసన తెప్పించడానికే చేసేవారు. కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టొద్దు, నిజంగా వద్దు.

• ముక్కు గ్లాసులో దూర్చకండి. కాసేపు గాలి తగలనిచ్చి, దూరం నుంచి, నోరు కొంచెం తెరిచి వాసన చూడండి. ముందుగా నెయిల్ పాలిష్ వాసన కొడుతుంది. అది ఇథైల్ అసిటేట్. సరుకు పాడైందనుకుని పాయింట్లు తగ్గించకండి. ఆగితే మగ్గిన అనాస, అరటి, ఉప్పులో ఊరిన ఆలివ్ వస్తాయి. ఈ రమ్ అందమంతా అక్కడే.

• వేరే రమ్‌లుంటే దీన్ని చివర్లో పెట్టండి. తర్వాత ఏదీ రుచించదు.

• మొదటి గుక్క బొట్టంతే. నీళ్లు చుక్కలుగా కలుపుతూ, ప్రతిసారీ రాసుకోండి.

• ఖాళీ కడుపు, మందులు వాడుతున్న రోజు, బండి నడపాల్సిన రోజు: వాయిదా వేయండి.