చిత్తూరు నుంచి చీరాల దాకా: పాత టీమ్‌మేట్‌ను కలిసే ప్రయాణం ఎలా పెట్టుకోవాలి

మగవాళ్ళకు పాత టీమ్‌మేట్ దొరకడం తేలిక. టీకొట్టు దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. ఆడవాళ్ళ టీమ్ అలా కాదు. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఫోన్ నంబరు భర్త పేరు మీద ఉంటుంది. చిత్తూరులో మాతో బాల్ బ్యాడ్మింటన్ (షటిల్ బదులు ఉన్ని బంతితో ఆడేది) ఆడిన మా సెంటర్ ప్లేయర్ చీరాలలో కాపురం ఉందని నాకు తెలిసేసరికి మా ఇద్దరి పిల్లలూ కాలేజీలు దాటేశారు. అందుకే ఇది ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం రాస్తున్నా. మగవాళ్ళు చదివినా నష్టం లేదు, కారు నడిపేది వాళ్ళే కదా. మా ఇంట్లో అయితే నేనే.

వెతకడం ఫేస్‌బుక్‌తో మొదలుపెట్టకండి. పుట్టింటి ఇంటిపేరుతో ఆమె అక్కడ ఉండదు, ఉన్నా ఫొటో స్థానంలో వెంకటేశ్వరస్వామో మనవడో కనిపిస్తారు. పుట్టింటి నుంచి రండి. పాత టోర్నమెంట్ సర్టిఫికెట్ మీద తండ్రి పేరుంటే మంచిదే, టీమ్ గ్రూప్ ఫొటో అట్ట మీద కింద వరసగా పేర్లుంటే ఇంకా మంచిది. ఆ ఫొటో పట్టుకుని వాళ్ళ పాత వీధిలో కిరాణా కొట్టు దగ్గర అడిగితే అన్నయ్య ఎక్కడున్నాడో తెలుస్తుంది. నాకు మాత్రం దారి చూపింది రిటైరైన మా పీఈటీ (ఆటల టీచర్) మేడమ్. ఎవరెవరి పెళ్ళిళ్ళకు వెళ్ళారో ఆమెకు మతిలో లేదు గానీ, ఎవరు ఏ పొజిషన్‌లో ఆడారో ఇప్పటికీ గడగడా చెబుతారు.

మొదటి ఫోన్ పగలు పదకొండు దాటాక చేయండి. వంట పూర్తయి కాస్త ఊపిరి తీసుకునే వేళ అది. భర్త ఎత్తితే నసగకుండా "అన్నా, చిత్తూరు నుంచి మాట్లాడుతున్నా, మీ ఇంటావిడా నేనూ స్కూల్ టీమ్‌లో కలిసి ఆడినాం" అని చెప్పేయండి. ఆమె లైన్లోకి వచ్చాక "నేనెవరో చెప్పుకో చూద్దాం" అనే పరీక్ష పెట్టొద్దు. "మే, నేనే, నీకు ముందు ఎడమపక్క ఆడేదాన్ని" అన్నా. అవతల వేసిన కేకకు వాళ్ళాయన పరుగెత్తుకొచ్చాడట.

చెప్పకుండా వెళ్ళి గుమ్మం ముందు నిలబడే సర్‌ప్రైజులు నాకు గిట్టవు. ఇంట్లో అత్తగారి మందులుంటాయి, కొట్టు చూసుకోవాలి, జుట్టుకు రంగు వేసుకోవాలని ఉంటుంది. తేదీ ఆమెనే చెప్పనివ్వండి. మీరు నెల మాత్రం చెప్పండి.

ఆ నెల సంక్రాంతి తర్వాత, ఫిబ్రవరి ముగిసేలోపు అయితే బాగుంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నెల్లూరు తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్ల టెన్షన్. కార్తీకమాసంలో సముద్రస్నానాలకు వచ్చే జనంతో బాపట్ల దగ్గరి సూర్యలంక, చీరాల పక్కనే ఉన్న ఓడరేవు బీచ్‌లు కిటకిటలాడతాయి. ఎండాకాలం ఎండ సంగతి అటుంచితే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. సముద్రం పక్కన కూర్చుని చెరువు చేపలు తినాల్సి వస్తుంది.

దారి చూద్దాం. చిత్తూరు నుంచి తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట. అక్కడ చెన్నై–కోల్‌కతా హైవే ఎక్కితే నెల్లూరు, కావలి, ఒంగోలు. ఒంగోలు దాటగానే త్రోవగుంట దగ్గర 216వ నంబరు హైవేకి తిరిగితే చీరాల. మొత్తం దాదాపు 380 కిలోమీటర్లు. ఒక్క రోజులో పోవచ్చు, కానీ వద్దు. ముఖం వాడిపోయి, నడుం పట్టేసి ఆమె ముందు దిగడం ఎందుకు? రాత్రికి ఒంగోలులో ఆగి, తలస్నానం చేసి పొద్దున బయల్దేరండి.

ఇంకో మాట. కోస్తా రోడ్డు అనగానే కారు పక్కనే అలలు వస్తాయనుకోకండి. ఈ హైవే మీద సముద్రం కనిపించదు, ప్రతిసారీ కుడికి తిరిగి లోపలికి పోవాలి. నెల్లూరు నుంచి మైపాడు, కావలి నుంచి తుమ్మలపెంట, ఒంగోలు నుంచి కొత్తపట్నం. అన్నీ చూడాలనుకుంటే ఒంగోలుకే చీకటి పడ్డాక చేరతారు. వెళ్ళేటప్పుడు ఒక్కటే చూడండి. నేను మైపాడు అంటాను, దానికి కారణం నెల్లూరులో దొరికే భోజనమే. వచ్చేటప్పుడు దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది, ఆ నెలల్లో గూడబాతులు (పెలికాన్లు) చెట్ల నిండా ఉంటాయి.

అసలు విషయం గ్రౌండ్. చాలామంది పాత టీమ్‌మేట్ ఇంటికి వెళ్ళి, సోఫాలో కూర్చుని, పిల్లల ఉద్యోగాలు, మోకాళ్ళ నొప్పులు మాట్లాడుకుని, భోంచేసి, జాకెట్టు ముక్క పెట్టించుకుని వచ్చేస్తారు. చుట్టాలింటికి పోయినా అంతే కదా! మీరిద్దరూ కలిసి చేసిన పని ఆట. ఒక్క గంటైనా చేతిలో బ్యాట్ ఉండాలి.

బీచ్‌లో ఆడదామన్న ఆలోచన మానుకోండి. మన బంతి పసుపు రంగు ఉన్ని బంతి, 30 గ్రాములు మించదు. సముద్రం గాలికి కొట్టిన చోట పడదు, తడి ఇసుక అంటితే బరువెక్కి పాడవుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కే కొద్దీ సముద్రం నుంచి గాలి పెరుగుతుంది. కాబట్టి ఊళ్ళో ఏదైనా స్కూల్ గ్రౌండ్ చూసుకుని, పొద్దున ఆరుంపావు నుంచి ఏడున్నర లోపు ఆడేయాలి. అనుమతి కోసం ఆ స్కూల్ పీఈటీతో ముందే మాట్లాడమని ఆమెకే చెప్పండి. మా సెంటర్ ఆ పని చేసేటప్పుడు "నేను కూడా ప్లేయర్నే సార్" అని చెప్పుకుందట. అది చెప్పేటప్పుడు ఫోన్లో ఆమె గొంతు మీరు వినాల్సింది.

అటక మీది పాత చెక్క బ్యాట్ తీసుకెళ్ళండి, కానీ ఫొటో కోసమే. ఫ్రేమ్ వంకర తిరిగి, గట్ (అల్లిక తీగ) వదులైపోయి ఉంటుంది. ఆడటానికి కొత్తవి రెండు, బంతులు ఒక డబ్బా కొనండి. స్పోర్ట్స్ షాపుల్లో ఇప్పుడు షటిల్ సామాన్లే ఎక్కువ, ముందే చెప్పి తెప్పించుకోవాలి. ఫైవ్స్‌కు (అటు ఐదుగురు, ఇటు ఐదుగురు ఆడేదానికి) మనుషులు దొరకరు, డబుల్స్‌కూ కష్టమే, ఇద్దరే చాలు. మా రోజుల్లో 29 పాయింట్లకు గేమ్, ఇప్పుడు 35. మీరు ఏదీ లెక్కపెట్టొద్దు. చీర, చెప్పులతో దిగొద్దు. పంజాబీ డ్రెస్, కాన్వాస్ బూట్లు, ముందు పది నిమిషాలు నడక, తర్వాత మెల్లగా ర్యాలీ. మొదటి స్మాష్ కొట్టాలని చెయ్యి ఉబలాటపడుతుంది, భుజం గుర్తుపెట్టుకోండి.

ఆ వేళకు ఇద్దరి ఇళ్ళవాళ్ళనూ ఓడరేవుకు పంపేయండి. మగవాళ్ళు పడవలు చూస్తారు, చేపలు బేరమాడతారు. లోతుకు మాత్రం దిగొద్దని గట్టిగా చెప్పండి, అక్కడ అల లోపలికి లాగుతుంది. భర్తల ముందు రాని మాటలు గ్రౌండ్ గట్టు మీద వస్తాయి. జిల్లా సెలెక్షన్‌లో ఎవర్ని తీసుకున్నారు, ఎవర్ని పక్కనపెట్టారు అన్నది ఆమె ఎత్తితేనే మాట్లాడండి. ఆట ఎందుకు మానేశావని అయితే అస్సలు అడగొద్దు, జవాబు మీకూ తెలుసు.

ఆమె ఇంట్లో ఒక్క పూట భోజనం చాలు, పడక బయట పెట్టుకోండి. సూర్యలంకలో టూరిజం వాళ్ళ రిసార్ట్ ఉంది, చీరాలలో లాడ్జీలున్నాయి. చేతిలో తిరుపతి లడ్డూ ఎలాగూ ఉంటుంది. దానితోపాటు చిత్తూరు బెల్లం, రాగి పిండి తీసుకెళ్ళండి. వరన్నం తినే ఊళ్ళో ఇన్నేళ్ళున్నా మన పిల్ల కదా, సంకటికి మొహం వాచిపోయి ఉంటుంది. మా సెంటర్ లడ్డూ దేవుడి దగ్గర పెట్టి, పిండి సంచి మాత్రం అప్పుడే వంటింట్లోకి పట్టుకుపోయింది.

బ్యాట్‌లు ఆమె దగ్గరే వదిలేయండి. మిగిలిన బంతుల డబ్బా గ్రౌండ్ ఇచ్చిన పీఈటీకి ఇచ్చి, ఆడపిల్లలతో ఆడించమని ఆమె చేతే చెప్పించండి.