తుపానుల కాలానికి ముందు డిస్కుల జాగ్రత్తలు: ఇమేజ్ తీయనిదే రిపేరు చేయకండి

గత నెల ఈదురుగాలులకు కోనసీమలోని ఒక ఊళ్లో కొబ్బరిచెట్టు కరెంటు తీగల మీద పడింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. ఆ సమయంలో అక్కడి ఫోటో స్టూడియోలో పెళ్లి వీడియోలు 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ అవుతున్నాయి. మర్నాడు డిస్కును తగిలించగానే, ఈ డ్రైవులో ఏదో సమస్య ఉంది, స్కాన్ చేసి సరిచేయమంటారా అని విండోస్ అడిగింది. స్టూడియోవారు సరేనన్నారు. గంటల తరబడి నడిచిన తర్వాత డ్రైవు తెరుచుకుంది గాని, వధూవరుల పేర్లతో ఉండవలసిన ఫోల్డర్లలో చాలావరకు కనిపించలేదు. వాటి స్థానంలో ఫౌండ్.000 అనే దాచిన ఫోల్డరు ఒకటి, దాని నిండా అసలు పేర్లు పోయి చివర సీహెచ్‌కే అని తగిలించుకున్న ముక్కలు మిగిలాయి. ఆ డిస్కు నా దగ్గరకు వచ్చినప్పుడు, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ నివేదిక తీసి చూస్తే 197వ వరుసలో, అంటే చదవలేక పెండింగులో పడిన సెక్టార్ల (డిస్కు మీది చిన్న చిన్న గడుల) లెక్కలో, వందల్లో అంకె కనిపించింది. ఆ లెక్క సున్నా ఉండాలి. డిస్కు అప్పటికే చెడిపోతూ ఉంది. చెడిపోతున్న డిస్కు మీదనే గంటల తరబడి రాయించారు.

జూన్ వస్తోంది. జులై, ఆగస్టులలో ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఎగురవేస్తారు. ఆ పైన అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు వస్తాయి. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 నాటి తుపానును చూసిన పెద్దలకు ఈ నెలల సంగతి చెప్పనక్కరలేదు. 2022 జులై వరద కుర్రవాళ్లకు కూడా గుర్తుంది. అయితే డిస్కులను పాడుచేసేది పెద్ద తుపానే కానవసరం లేదు, రోజుకు పదిసార్లు పోయి వచ్చే కరెంటు చాలు. యూపీఎస్ పెట్టుకోవడం, బ్యాకప్ మరో ఊళ్లో ఉంచుకోవడం, కంప్యూటరును నేల మీది నుంచి బల్ల మీదికి ఎత్తడం వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. తెలిసినవాళ్లు కూడా చేస్తున్న ఒకే ఒక్క తప్పు గురించి ఈ వ్యాసం: ఇమేజ్ (డిస్కు మొత్తానికి యథాతథ నకలు) తీయకముందే అసలు డిస్కు మీద రిపేరు నడపడం.

రిపేరు అంటే ఏమిటి, ఏమి కాదు

విండోస్‌లోని చెక్‌డిస్క్ గాని, లినక్స్‌లోని ఎఫ్‌ఎస్‌సీకే గాని మీ ఫైళ్లను తిరిగి తెచ్చే పనిముట్లు కావు. ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే ఏర్పాటు) లోపలి లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోయేలా చేయడమే వాటి పని. ఏ బ్లాకు ఏ ఫైలుది, ఏ పేరు ఏ ఐనోడ్‌ను (ఫైలు వివరాల చీటీని) చూపుతోంది, ఖాళీ బ్లాకుల పట్టిక నిజమేనా అన్నవే అవి చూస్తాయి. రెండు లెక్కలు సరిపోకపోతే ఒకదాన్ని కొట్టేస్తాయి. కొట్టేసినది మీ కూతురి పెళ్లి వీడియోనా, పనికిరాని తాత్కాలిక ఫైలా అన్నది వాటికి తెలియదు. వరద తర్వాత పొలం గట్లు మళ్లీ వేసే మనిషి గట్లు నిలబెడతాడు గాని కొట్టుకుపోయిన పంటను తీసుకురాలేడు, ఇదీ అంతే.

డిస్కు భౌతికంగా బాగుండి, కరెంటు పోవడం వల్ల లెక్కలు మాత్రమే తప్పి ఉంటే రిపేరు చాలాసార్లు సాఫీగా పూర్తవుతుంది. ఆ అనుభవమే జనాన్ని మోసం చేస్తోంది. పది సార్లు బాగుపడింది కాబట్టి పదకొండవసారీ నడిపేస్తారు, ఆసారి డిస్కులో సెక్టార్లు చచ్చి ఉంటాయి. లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే ఈటూఎఫ్‌ఎస్‌సీకే ఒక బ్లాకును చదవలేకపోయినప్పుడు ముందు ఈ లోపాన్ని పట్టించుకోవద్దా అని, ఆ వెంటనే ఇక్కడ బలవంతంగా తిరిగి రాయమంటారా అని అడుగుతుంది. రెండవ ప్రశ్నకు అవునన్నారంటే, చదవలేకపోయిన ఆ చోట అసలు సమాచారం కాని దాన్ని రాయడానికి అనుమతి ఇచ్చినట్టే. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే చదవగలిగి ఉండేదేమో, ఇక ఆ అవకాశం కూడా పోతుంది. అన్నింటికీ అవునని ముందే చెప్పే మైనస్ వై ఆప్షన్‌తో నడిపినవారికి ఆ ప్రశ్న అడిగిన సంగతే తెలియదు.

ఐనోడ్ పట్టికలో కొంత భాగం చదవలేకపోతే, అందులోని ఫైళ్లు లేనట్టే లెక్క కట్టి, వాటి బ్లాకులను ఖాళీవిగా గుర్తించే ప్రమాదం ఉంది. ఆ తర్వాత కొత్తగా రాసే ప్రతి ఫైలూ ఆ ఖాళీలోకి వెళ్లవచ్చు. అందుకే మొదటి రిపేరు కంటే, రిపేరు తర్వాత డ్రైవు తెరుచుకుంది కదా అని సంతోషంతో దాన్ని మళ్లీ వాడుకోవడం ఎక్కువ నష్టం చేస్తుంది.

ముందు ఇమేజ్

డిస్కు మొత్తాన్ని సెక్టార్ల వారీగా ఒక పెద్ద ఫైలులోకి దించుకోవడమే ఇమేజ్ తీయడం. ఫోల్డర్లను తెరిచి కాపీ చేయడం ఇమేజ్ కాదు. దీనికి లినక్స్‌లో నడిచే జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడండి. మామూలు కాపీ కమాండ్ డీడీ వద్దు, ఎందుకంటే ఏమీ చెప్పకపోతే అది మొదటి లోపం దగ్గరే ఆగిపోతుంది. డీడీరెస్క్యూ ముందుగా సులభంగా చదవగలిగిన భాగాలను దించి, మొరాయించే చోట్లను చివరికి వాయిదా వేస్తుంది. ఏది చదివిందో, ఏది మిగిలిందో మ్యాప్‌ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. మన ప్రాంతంలో ఈ ఒక్క గుణం కోసమైనా దాన్ని నేర్చుకోవాలి. మొదటి విడతలో మైనస్ ఎన్ ఇచ్చి మొండి భాగాలను గోకకుండా నడపండి. వచ్చింది భద్రపడిన తర్వాతే మైనస్ ఆర్ 3 తో మళ్లీ ప్రయత్నించండి. మ్యాప్‌ఫైలు పేరు ఇవ్వకుండా ఎప్పుడూ నడపవద్దు.

ఇమేజ్ దించే డిస్కు అసలు డిస్కు కంటే పెద్దదై ఉండాలి. అది ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే పనికిరాదు, అందులో ఒక ఫైలు 4 జీబీకి మించి పట్టదు. లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే మరింత మేలు, ఎందుకంటే ఒకే డేటాను రెండు ఫైళ్లు పంచుకునే రీఫ్లింక్ కాపీతో ఎంత పెద్ద ఇమేజ్‌కైనా క్షణంలో మరో నకలు తీయవచ్చు, మార్చిన మేరకు తప్ప అదనపు చోటు పట్టదు. ఒక్కో ప్రయోగం ఒక్కో నకలు మీద చేసి, చెడితే పారేసి, మరొకటి తీసుకోండి. చెక్‌డిస్క్ నడపాలన్నా, ఈటూఎఫ్‌ఎస్‌సీకే నడపాలన్నా, పోయిన ఫైళ్లను వెతికే టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ వాడాలన్నా ఆ నకళ్ల మీదే. అసలు డిస్కును కవరులో పెట్టి, తేదీ రాసి, బీరువాలో పెట్టాలి. మళ్లీ చెబుతున్నాను: ఇమేజ్ తీయనిదే రిపేరు చేయకండి.

డిస్కును చదవడానికి మాత్రమే మౌంట్ చేశాను (తగిలించి తెరిచాను) కాబట్టి ఏమీ రాయలేదని చాలామంది నమ్ముతారు. ఈఎక్స్‌టీ4 విషయంలో అది నిజం కాదు. కరెంటు పోయినప్పుడు జర్నల్‌లో, అంటే చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టాలో, మిగిలిపోయిన మార్పులను, చదవడానికి మాత్రమే అని మౌంట్ చేసినా, లినక్స్ కెర్నెల్ ముందు డిస్కు మీదికి ఎక్కిస్తుంది. దాన్ని ఆపాలంటే ఆర్‌ఓ (చదవడానికి మాత్రమే) ఆప్షన్‌తో పాటు నోలోడ్ కూడా ఇవ్వాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఆ పని చేసేది నోరికవరీ. అంతకంటే ముందే బ్లాక్‌డెవ్ సెట్‌ఆర్‌ఓతో పరికరాన్నే రాయడానికి వీలులేకుండా చేయడం ఉత్తమం.

జర్నల్ ఉంది కదా, ఏమీ పోదులే అన్న ధీమా కూడా వదులుకోవాలి. ఈఎక్స్‌టీ4 మామూలుగా నడిచే పద్ధతిలో జర్నల్ కాపాడేది మెటాడేటాను (పేర్లు, బ్లాకుల లెక్కలను) మాత్రమే, మీ ఫైలులోని అక్షరాలను కాదు. జర్నల్ 5 సెకన్లకోసారి డిస్కుకు చేరుతుంది గాని, కొత్తగా రాసిన డేటా మెమొరీలో 30 సెకన్ల వరకు కూడా ఆగి ఉండవచ్చు. బిల్లు సేవ్ అయిందని తెర మీద కనబడిన క్షణానికి అది డిస్కు మీదికి చేరినట్టు కాదు. ఎఫ్‌ఏటీ32, ఎక్స్‌ఎఫ్‌ఏటీలకు జర్నల్ అసలే లేదు, కెమెరా కార్డులూ పెన్‌డ్రైవులూ ఎక్కువగా వాటితోనే వస్తాయి.

ఫైల్‌సిస్టమ్ కోడు రాసేవారికి

భీమవరం, కాకినాడ వైపు కాలేజీలలో ఫైల్‌సిస్టమ్‌ను ప్రాజెక్టుగా ఎంచుకునే విద్యార్థులు ఉన్నారు, వారిని చూస్తే నాకు సంతోషం. వారు చేసే తప్పు కూడా పేరు మారిన అదే తప్పు. ఫైల్‌సిస్టమ్‌లను పరీక్షించే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్‌లో టెస్ట్ డెవ్, స్క్రాచ్ డెవ్ అని రెండు పరికరాలు ఇవ్వాలి. స్క్రాచ్ డెవ్‌ను ఆ పరీక్షలు మళ్లీ మళ్లీ ఫార్మాట్ చేస్తాయి, అది వాటి హక్కు. నిన్న లినక్స్‌లో ఎస్‌డీబీ అనే పేరుతో ఉన్న డిస్కు, కరెంటు పోయి మెషీన్ మళ్లీ లేచాక ఈరోజు ఎస్‌డీసీ కావచ్చు. కాన్ఫిగ్ ఫైలులో మాత్రం ఎస్‌డీబీ అనే ఉంటుంది. అందుచేత పరికరాలను మారని బై ఐడీ పేర్లతోనే రాయండి, లేదా వర్చువల్ మెషీన్ లోపల ఖాళీ ఇమేజ్‌ల మీద మాత్రమే పరీక్షించండి. థీసిస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కొత్త కెర్నెల్ మాడ్యూల్ ఎక్కించవద్దు.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో పరీక్షించడానికి వర్చువల్ మెషీన్‌ను నడిపే క్యూఈఎంయూ ప్రాసెస్‌ను చంపి, బాగానే లేచింది, మా కోడు గట్టిదని రాసిన రిపోర్టులు చూశాను. అది కరెంటు పోవడంతో సమానం కాదు. గెస్ట్ (వర్చువల్ మెషీన్) రాసినదంతా హోస్ట్ (అసలు మెషీన్) పేజీ క్యాష్‌లో, అంటే మెమొరీలో, క్షేమంగా ఉంటుంది, ఫ్లష్ (డేటాను డిస్కు మీదికి నెట్టడం) మరచిపోయిన లోపం అసలు బయటపడదు. లినక్స్‌లో డీఎం ఫ్లేకీ, డీఎం లాగ్ రైట్స్ అనే పరీక్షా సాధనాలు ఉన్నది అందుకే. లాగ్ రైట్స్ ప్రతి రాతనూ, ప్రతి ఫ్లష్‌నూ వరుసగా నమోదు చేస్తుంది. ఆ వరుసలో ఏ మధ్య బిందువు దగ్గరైనా ఆపి, అక్కడ ఫైల్‌సిస్టమ్ నిలబడుతుందో లేదో చూడవచ్చు. అప్లికేషన్ రాసేవారు కొత్త ఫైలు రాసి, ఎఫ్‌సింక్ చేసి (డిస్కుకు చేర్చమని చెప్పి), పేరు మార్చి, ఆ డైరెక్టరీని కూడా ఎఫ్‌సింక్ చేయాలి. నాలుగూ, అదే వరుసలో చేయాలి. ఎఫ్‌సింక్ లోపం చూపితే రెండవసారి పిలిచి విజయం వచ్చిందని నమ్మవద్దు. లినక్స్‌లో ఆ లోపం ఒకసారి చెప్పి ఊరుకోవచ్చు, డేటా మాత్రం పోయి ఉంటుంది. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌వారు తల పట్టుకున్నది ఈ విషయం మీదే.

ఇక మిగిలినవన్నీ కలిపి చెబుతున్నాను.

స్మార్ట్ నివేదికలో 5 (చెడి మార్చేసిన సెక్టార్లు), 197 (పెండింగులో ఉన్నవి), 198 (సరిచేయలేనివి) వరుసలను ఈ వారమే చూడండి. అంకె పెరుగుతున్న డిస్కును జూన్ దాకా ఉంచకండి.

విండోస్ ఫార్మాట్ చేయమంటే చేయకండి. సరిచేయమంటారా అంటే వద్దనండి. బూట్ అయ్యేటప్పుడు తానే చెక్ మొదలుపెట్టకుండా, అనుమానమున్న డిస్కును ఆ మెషీన్ నుంచి విప్పేయండి. చెడిన డిస్కు మీద మొదలైన చెక్‌ను చూస్తూ కూర్చోకండి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేరు మైనస్ ఎల్ ఆప్షన్ వాడమని సూచించినా వెంటనే ఇవ్వకండి. అది జర్నల్‌ను చెరిపేస్తుంది.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద చెక్ రిపేర్ నడపకండి. అనుభవజ్ఞులు చెప్పనిదే వాడవద్దని దాని మాన్యువల్‌లోనే ఉంది. ముందు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రిస్టోర్‌తో ఫైళ్లను బయటికి లాగండి.

ఈఎక్స్‌టీ4 సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ ముఖ్య వివరాలు ఉండే బ్లాకు) పోయిందని కంగారుపడకండి. 4 కేబీ బ్లాకులైతే 32768వ బ్లాకులో నకలు ఉంటుంది. దాన్ని వెతకడానికి ఎంకేఈటూఎఫ్‌ఎస్ మైనస్ ఎన్ ఇచ్చేటప్పుడు ఆ ఎన్ మరచిపోతే డిస్కు ఫార్మాట్ అయిపోతుంది. ఆ పని కూడా ఇమేజ్ మీదే చేయండి.

రెయిడ్ (కలిపి ఒకటిగా వాడే డిస్కుల గుంపు) తెగిపోతే మళ్లీ క్రియేట్ కొట్టకండి. డిస్కుల వరుస రాసుకోండి, ఒక్కోదానికీ ఇమేజ్ తీయండి.

ఎస్‌ఎస్‌డీలో పొరపాటున ఫైలు తొలగిస్తే ఆ క్షణమే మెషీన్ ఆపండి. తొలగించిన చోట్లను ఖాళీ చేసే ట్రిమ్ నడిచాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తేలేదు.

పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేరును పోయిన డ్రైవులోనే ఇన్‌స్టాల్ చేయకండి. దొరికినవి కూడా అందులోకే సేవ్ చేయకండి.

వరద నీళ్లలో మునిగిన డిస్కుకు కరెంటు ఇవ్వకండి. పని చేస్తుందేమో చూద్దామని ఒక్కసారి కూడా ఇవ్వకండి. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పట్టకండి, బియ్యంలో పెట్టకండి. గాలి రంధ్రం గుండా లోపలికి పోయిన ఒండ్రు ఆరితే పళ్లెం మీద అంటుకుపోతుంది, హెడ్డు దాన్ని గీకుతుంది. తడి ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో మూసి రికవరీ ల్యాబుకు పంపండి.

టకటకమని చప్పుడు చేస్తున్న డిస్కు మీద డీడీరెస్క్యూ కూడా నడపకండి. ఆపేసి అదే ల్యాబుకు ఇవ్వండి.

ల్యాబుకు ఇచ్చేటప్పుడు ఆ డిస్కు మీద ఏ రోజు ఏ కమాండ్ నడిపారో, ఎంతసేపు నడిచిందో, ఎక్కడ ఆపారో ఒక కాగితం మీద రాసి డిస్కుతో పాటు కట్టి ఇవ్వండి. చెక్‌డిస్క్ నడిపి ఉంటే నడిపామనే రాయండి. మొహమాటపడి దాచిపెడితే, అసలు పట్టిక ఏది, చెక్‌డిస్క్ మార్చినది ఏది అని తేల్చుకోవడానికే వారి సమయమంతా పోతుంది.