షామొనిలో వేసవి మకాం: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

మన వేసవి సెలవులకీ ఆల్ప్స్ వేసవికీ పొంతన కుదరదు. టికెట్లు కొనకముందే ఈ సంగతి తెలిస్తే సగం టెన్షన్ తప్పుతుంది. ఆంధ్ర, తెలంగాణ బడులకు ఏప్రిల్ చివర్నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. ఫ్రాన్స్‌లోని షామొనిలాంటి స్కీ ఊళ్లకు అది అటూ ఇటూ కాని కాలం. మంచులో జారడానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు, కొండల్లో నడిచేవాళ్లు ఇంకా రారు. కేబుల్ కార్లు చాలావరకు మరమ్మతుల్లో ఉంటాయి, హోటళ్లు, దుకాణాలు చాలా మూతపడతాయి. 2,000 మీటర్లు దాటితే కాలిబాటలు ఇంకా మంచు కిందే. మే నెలలో అద్దెలు అంత చవగ్గా కనబడేది ఇందుకే. అసలు సీజన్ జూన్ చివర్నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. బడి తెరిచాక పిల్లలకు ఓ వారం సెలవు పెట్టించడమే నయమని నా అభిప్రాయం. టీచరుగారికి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం.

ఆగస్టు 15 అక్కడా సెలవే. షామొనిలో ఆ రోజు పర్వత గైడ్ల పండుగ. ఆగస్టు చివరి వారంలో ఊరి పక్కనున్న మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ పరుగు పందేలు జరుగుతాయి, అప్పుడు గదులు దొరకడమే కష్టం.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ లాంటి యూరప్ దేశాలన్నిటికీ ఒకటే అయిన షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి కాబట్టి ఏదో ఒకటి కొనేస్తాం. అందులో కొండ మీద నడకకు, హెలికాప్టర్ రక్షణకు కవరేజీ ఉందా, ఎంత ఎత్తు దాకా ఉంది అని చూసేవాళ్లు తక్కువ. షామొని నుంచి నడుస్తూ స్విట్జర్లాండ్ వైపు దాటడం తేలిక. అక్కడ హెలికాప్టర్ వస్తే బిల్లు కూడా వస్తుంది. ఫోన్ సిమ్ సంగతీ ఇంతే. యూరప్ ప్యాక్ అని కొన్నదాంట్లో స్విట్జర్లాండ్ లేకపోతే, షామొనికి దగ్గరి పెద్ద విమానాశ్రయం ఉన్న స్విస్ నగరం జెనీవాలో దిగగానే ఫోన్ మూగబోతుంది.

ఇక ఇల్లు. స్కీ ఊళ్లలో అద్దె ఫ్లాట్లు పగలంతా మంచులో తిరిగి రాత్రి పడుకోవడానికి వచ్చేవాళ్ల కోసం కట్టినవి. ‘ఆరుగురికి’ అని రాసి ఉంటే దాని అర్థం చాలాసార్లు ఒక పడకగది, హాల్లో పరిచే సోఫా, గుమ్మం పక్కన సందులో ఒకదానిపై ఒకటి రెండు మంచాలు. అమ్మానాన్నలను తీసుకెళ్లేట్టయితే చదరపు మీటర్లు చూసి బుక్ చేయండి, మనుషుల లెక్క నమ్మొద్దు. లిఫ్ట్ ఉందో లేదో కూడా అడగండి. దుప్పట్లు, తువ్వాళ్లు, చివరి రోజు శుభ్రం చేయించడం అద్దెలో కలిసి ఉన్నాయా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. మేం అడగలేదు. మొదటి రాత్రి శాలువాలు కప్పుకుని పడుకున్నాం. తాళాలిచ్చే ఆఫీసు సాయంత్రం మూసేస్తుంది, విమానం ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలో నంబరు దగ్గర పెట్టుకోండి. డిపాజిట్‌కు చాలాచోట్ల క్రెడిట్ కార్డే అడుగుతారు. లోపలికి అడుగు పెట్టగానే గిన్నెలు, గోడలు, సోఫా మరకలు అన్నిటికీ ఫొటోలు తీయండి.

వంట దగ్గరే మనవాళ్లు ఎక్కువ తికమకపడతారు. ఊరు 1,035 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 96, 97 డిగ్రీలకే మరుగుతాయి. అన్నం కాస్త ఆలస్యంగా ఉడుకుతుంది, కందిపప్పు అయితే విసుగు పుట్టిస్తుంది. అద్దె ఇంట్లో కుక్కర్ ఉంటుందని అనుకోవద్దు. మన అల్యూమినియం కుక్కర్ తీసుకెళ్లినా పొయ్యి ఇండక్షన్ అయితే పనికిరాదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కర్ చిన్నది పట్టుకెళ్లండి, లేదా పెసరపప్పు, ఎర్రపప్పుతో సరిపెట్టుకోండి. ఎర్రపప్పు అక్కడి సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతుంది. కరెంటు మనలాగే 230 వోల్టులు. ఫోన్ ఛార్జర్ల సన్న రెండు పిన్నులు పడతాయి, రైస్ కుక్కర్ మూడు పిన్నులకు మాత్రం అడాప్టర్ కావాలి.

నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి సూట్‌కేసులో పెట్టొద్దు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి సొంతానికైనా తీసుకురాకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. జెనీవాలో దిగినా తేడా లేదు. అక్కడి వెన్న కొని కాచుకుంటే ఇంటి నెయ్యిలాగే ఉంటుంది. ఆవకాయ ఫర్వాలేదు, గట్టిగా మూత బిగించి చెక్-ఇన్ బ్యాగులో వేయండి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. ఆదివారం మధ్యాహ్నానికి చాలా దుకాణాలు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. శాకాహారులు కూరగాయలు పెట్టి కాల్చిన ‘పై’ (pie) కొన్నా పదార్థాల చీటీ చదవాలి, పంది మాంసం ముక్కలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి.

ఎండుమిర్చి తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరవండి. 2015 నుంచి ఫ్రాన్స్‌లో ప్రతి ఇంటికీ పొగ అలారం తప్పనిసరి. మా చారు తాలింపుకి అది మోగిన మోతకు పై అంతస్తు పెద్దావిడ కిందికి దిగి వచ్చింది.

కొండల దగ్గర మాత్రం సరదా పక్కన పెట్టాలి. ఎగ్వీ దు మిడి అనే శిఖరానికి వెళ్లే కేబుల్ కార్ ఊళ్లోంచి 3,800 మీటర్ల ఎత్తుకు 20 నిమిషాల్లో చేరుస్తుంది. లద్దాఖ్‌లోని లేహ్ కంటే ఎత్తు అది. లేహ్‌లో దిగాక రెండు రోజులు కదలకుండా ఉండే మనం, ఇక్కడ టిఫిన్ తిన్న గంటకే అక్కడ మెట్లెక్కుతాం. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ఎక్కొద్దు. పసిపిల్లలను అసలు తీసుకెళ్లొద్దు. మధ్యలో 2,317 మీటర్ల దగ్గర కేబుల్ కార్ మారాలి, అక్కడ అరగంట ఆగితే మంచిది. పైన నెమ్మదిగా నడవాలి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంటే మందు కోసం బ్యాగు వెతక్కుండా తర్వాతి కారులో దిగిపోవడమే వైద్యం. జులైలోనూ పైన సున్నా కిందికి పోతుంది, స్వెట్టర్, టోపీ, నల్లద్దాలు ఉండాల్సిందే. మంచు సొరంగం చివర గేటు దాటి పర్వతారోహకులు తాళ్లు కట్టుకుని దిగుతుంటారు. వాళ్ల వెనకే స్పోర్ట్స్ షూలతో ఫొటో కోసం వెళ్లాలనిపిస్తుంది. అటూ ఇటూ లోయే. ఆ గేటు మనది కాదు.

లాక్ బ్లాన్ సరస్సు 2,352 మీటర్ల ఎత్తులో ఉంది. జులై మొదట్లో కూడా దారిలో మంచు మిగిలి ఉండొచ్చు. ఏ నడకకైనా ముందు రోజు చర్చి చౌరస్తాలో కొండదారుల సమాచారం ఇచ్చే మౌంటెన్ హౌస్‌కు వెళ్లి దారి ఎలా ఉందో అడగండి, డబ్బులు తీసుకోరు. మధ్యాహ్నం తర్వాత ఉరుములు మామూలే, అందుకని పొద్దున్నే బయల్దేరి ఒంటిగంటకల్లా వెనక్కి తిరగాలి. ఎక్కేటప్పుడే ఆఖరి కేబుల్ కార్ ఎన్నింటికో ఫొటో తీసుకోండి. రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది, టైమ్ తెలీదు.

ఊరి మధ్యలో పారే ఆర్వ్ నది చూడగానే పిల్లలు కాళ్లు పెడతామంటారు. అది హిమానీనదాల కరుగు నీరు, చలికి ఊపిరి బిగుస్తుంది. ఎండ ముదిరేకొద్దీ మధ్యాహ్నానికి ఉరవడి పెరుగుతుంది. ఒడ్డునే ఉండండి. ఎక్కడ ఏం జరిగినా 112కు ఫోన్ చేయాలి.

ఖాళీ చేసే రోజు సాధారణంగా పది గంటలకే తాళాలు ఇచ్చేయాలి. గాజు సీసాలు వేరు, చెత్త వేరు, వీధి చివరి డబ్బాల్లో మనమే వేసి రావాలి. వంటింటి తెల్లగుడ్డ మీద పసుపు మరక పడితే కంగారుపడి దాచేయకండి. సబ్బుతో ఉతికి, రెండు రోజులు ఎండ తగిలే కిటికీ దగ్గర వేస్తే దానంతటదే వెలిసిపోతుంది.